పెద్దబాపు తప్పుల మిషను

మొన్న పాత స్నేహితురాలి భర్త పోయాడని తెలిసి, ఆమెకు నాలుగు మాటలు రాద్దామని లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఇద్దరం ఒకే కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనవాళ్లం. ఉత్తరాలు ఇంగ్లీషులో రాసుకోవడం అప్పటినుంచీ అలవాటు. ఏం చెప్పాలో తెలియడం లేదని, ఏం చెప్పినా నీకు చాలదని తెలిసి కూడా చెప్పకుండా ఉండలేకపోతున్నానని అర్థం వచ్చేలా ఒక వాక్యం రాశానో లేదో, దాని కింద నీలం గీత పడింది. వాక్యం పొడవుగా ఉందట. క్లుప్తంగా ఇలా రాయవచ్చునని పక్కనే ఒక సలహా కూడా ఇచ్చింది. చూద్దును కదా, నా వాక్యంలోని ఆయాసమంతా పోయి అది బ్యాంకువాళ్లు పంపే కబురులా తయారైంది. సలహాను పక్కకు నెట్టి నా వాక్యాన్నే పంపించాను గానీ, ఆ తర్వాత చాలాసేపు వేరే పని చేయబుద్ధి కాలేదు. ఇప్పటి పిల్లలకు ఈ గీతలు పుట్టుకతో వచ్చినవి. నాకు మాత్రం ఇవి పరిచయమైంది తొంభైల మొదట్లో, మెట్‌పల్లిలో, మా పెద్దబాపు ఇంటి ముందుగదిలో.

పెద్దబాపు అంటే మా బాపుకు, అంటే నాన్నకు, అన్న. ఉర్దూ మీడియంలో మెట్రిక్ చదివి, ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. ఇంగ్లీషు ఆయనకు ఎవరూ నేర్పలేదు. అట్టలూడిన నిఘంటువు ఒకటి పెట్టుకుని, పాత పేపర్లు చదివి చదివి, మొండికి పడి నేర్చుకున్నాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన సెలవు కోసం రాసుకున్న దరఖాస్తును పై అధికారి ఎర్రసిరాతో దిద్ది, బల్ల మీద పరిచి, తక్కిన గుమాస్తాలను పిలిచి మరీ చదివించాడట. ఈ సంగతి పెద్దబాపు నోటివెంట నేనెప్పుడూ వినలేదు, పెద్దమ్మ చెప్పింది. చెబుతూ ఆమె గొంతు తగ్గించింది, ఆయన పెరట్లో ఉన్నా కూడా. ఆ ఉద్యోగం ఆయన ఎక్కువ కాలం చేయలేదు. అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలకు కాలేజీలు మూతబడి, చదువుకునే పిల్లలంతా చౌరస్తాల్లో ఖాళీగా నిలబడిన ఏడు, రెండు పాత టైపు మిషన్లు తెచ్చి ఇంటి ముందుగదిలో ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. కాలేజీ లేని పిల్లలు వేళ్లకైనా పని చెబుదామని వచ్చారు. కాలేజీలు మళ్లీ తెరిచేసరికి ఊళ్లో సగం మందికి టైపు వచ్చు, టైపు చేయడానికి మాత్రం ఏమీ లేదు.

ఆ ఏమీ లేకపోవడం ఎక్కువ రోజులు సాగలేదు. తర్వాత తర్వాత మా చుట్టుపక్కల ఊళ్లనుంచి మగవాళ్లు మస్కట్, దుబాయి దారి పట్టారు. మగ్గం మీద కూలి గిట్టనివాళ్లు, బోరు వేసి నీళ్లు పడనివాళ్లు, అన్న వెళ్లాడని వెంట తమ్ముడు, ఇట్లా వీధికి కొందరు. వాళ్లు పోవడానికి ముందొక ఇంగ్లీషు కాగితం, పోయాక అనేక ఇంగ్లీషు కాగితాలు కావాలి. సెలవు ఇవ్వండని కంపెనీకి, జీతం ఇప్పించమని ఎంబసీకి, పాస్‌పోర్టు పోయిందని ఇంకెవరికో. అవన్నీ పెద్దబాపు రాసేవాడు. ఊరంతా ఆయన్ను టైపు సారు అనేది. ఆయన ఇంగ్లీషులో ఒక దొరతనం ఉండేది, పాతకాలపు శేర్వాణీ వేసుకున్న మనిషి నడిచినట్టు ఉండేది. కానీ ప్రతి ఉత్తరం కవరులో పెట్టి పంపేముందు ఆయన చేయి ఒక్క క్షణం ఆగేది. ఎక్కడైనా తప్పు దొర్లిందేమో, ఎక్కడో ఎవరో నవ్వుతారేమోనని.

నేను పట్నంలో కంప్యూటర్ డిప్లొమా చేసి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న రోజులవి. బొంబాయిలో ఉండే బంధువు ఒకాయన ద్వారా పెద్దబాపు ఒక కంప్యూటర్ తెప్పించుకుని, దాన్ని నడపడానికి నన్ను రమ్మన్నాడు. మెట్‌పల్లిలో ఇంట్లో కంప్యూటర్ ఉండటమంటే అప్పట్లో ఇంట్లో ఏనుగును కట్టేసుకున్నట్టే. చూడటానికి వచ్చినవాళ్లు చెప్పులు బయట విడిచేవారు. పెద్దమ్మ దసరాకు దానికి పసుపు కుంకుమ పెట్టింది, అక్కడితో ఆగక కొబ్బరికాయ కూడా కొట్టబోతే నేను అడ్డం పడ్డాను, నీళ్లు లోపలికి పోతాయని. పచ్చటి అక్షరాల తెర, పక్కపక్కనే రెండు ఫ్లాపీలు పెట్టే నోళ్లు, అంతే. కరెంటు పోతే రాసినదంతా పోయేది. ప్రింటరు చప్పుడుకు పక్క వీధి మరమగ్గం కూడా చిన్నబోయేది. ఆ బొంబాయి బంధువే దానితోపాటు కొన్ని ఫ్లాపీలు ఇచ్చి పంపాడు. వాటిలో ఒకటి ఇంగ్లీషులో తప్పులు పట్టే ప్రోగ్రాము. దానికి ఏదో పేరుండేది. మా ఇంట్లో మాత్రం అది తప్పుల మిషను.

అదెట్లా పనిచేసేదో ఇప్పటివాళ్లకు చెబితే నవ్వుతారు. ముందు ఒక ఫ్లాపీతో ఉత్తరం రాసుకోవాలి. దాన్ని దాచి, బయటికొచ్చి, ఆ ఫ్లాపీ తీసి తప్పుల ఫ్లాపీ పెట్టాలి. అది గరగరమని లోపల ఏదో నూరుతున్నట్టు చప్పుడు చేసి, ఒక్కో వాక్యాన్నీ తెర మీదికి తెచ్చి నిలబెట్టి, దాని మీద తన అభిప్రాయం చెప్పేది. ఈ వాక్యం పొడవెక్కువ. ఈ మాట అందరూ వాడి వాడి అరిగిపోయింది. ఇక్కడ పని చేసినవాడు ఎవరో తెలియడం లేదు, సూటిగా రాయండి. చివర, ఈ ఉత్తరం అర్థం కావాలంటే చదివేవాడు ఎన్నో తరగతి దాకా చదివి ఉండాలో కూడా చెప్పేది. ఇలాంటివాటి మొదటి తరం డెబ్బైల చివర పెద్ద కంప్యూటర్లలో పుట్టిందని, ఎనభైల మొదట్లో ఇళ్లలో పెట్టుకునే చిన్న కంప్యూటర్లకు వచ్చిందని నేను తర్వాత కాలేజీలో పాఠం చెప్పేటప్పుడు చదివాను. ఆ మొదటివాటికి నిజానికి వ్యాకరణం ఏమీ రాదు. లోపల ఒక మాటల పట్టీ ఉంటుంది, రాసినదాన్ని దానితో పోల్చి చూస్తాయి, అంతే. తర్వాత వచ్చినవి వాక్యాన్ని విడదీసి చూడటం కొద్దికొద్దిగా నేర్చాయి. మాకు వచ్చింది ఆ రెండింటి మధ్యలో ఎక్కడిదో. పెద్దబాపుకు ఈ చరిత్రతో పని లేదు. ఆయనకు అది దొరికిన గురువు. "మనిషి ముందర తప్పు వడితె ఇజ్జత్ పోతది. మిషన్ ముందర ఏం పోతది బిడ్డా?" అనేవాడు. తెర మీద తప్పు కనపడినప్పుడు ఆయన ముఖంలో సిగ్గు ఉండేది కాదు. అరవయ్యేళ్లకు దగ్గర పడుతున్న మనిషి బడిపిల్లవాడిలా కళ్లజోడు పైకి నెట్టుకుని, ఆ వాక్యాన్ని మళ్లీ రాయించేవాడు.

మొదట్లో కొంత పోట్లాట కూడా నడిచింది. మా ఉత్తరాలన్నీ 'తమరిని వేడుకొని విన్నవించుకునేదేమనగా' అనే పద్ధతిలో ఇంగ్లీషులో మొదలయ్యేవి. మిషనుకు ఆ వేడుకోలు నచ్చేది కాదు. తీసెయ్యమనేది. "అడుక్కునుడే గదా మన పని, అడుక్కుంటున్నమని రాయకుంటె ఎట్ల?" అని పెద్దబాపు దానితో వాదించేవాడు, నాతో కాదు. పదిహేను రోజులకు వేడుకోలు పోయింది. నెలకు విన్నపం పోయింది. దొరతనం కూడా మెల్లగా పోయి, ఉత్తరాలు ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కాల్లా తయారయ్యాయి. తెర మీద చివరికి ఏ తప్పూ లేదని వచ్చినప్పుడు ఆయన వెనక్కి ఒరిగి, పెద్దమ్మను కేకేసి చాయ్ పెట్టమనేవాడు. ఆ చాయ్ తాగేటప్పటి ముఖం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఆయన్ను అంత తృప్తిగా నేను ఇంకెప్పుడూ చూడలేదు.

మా వీధి చివర ఒక కాక ఉండేవాడు. చుట్టం కాదు, చిన్నాన్న వరస కనుక కాక. పరాయి సేటు మరమగ్గాల షెడ్డులో కూలికి నేసేవాడు. ఆయన అల్లుడు మస్కట్‌లో ఒక కంపెనీలో పనిచేసేవాడు. అల్లుడు అక్కడ ఉన్నన్నాళ్లూ కాక బిడ్డ తన పాపతో తండ్రి ఇంట్లోనే ఉండేది. కవర్ల మీద ఇంగ్లీషు అడ్రసు కొట్టించుకోవడానికి మా దగ్గరికి వచ్చేది. ఒకేసారి ఒక కట్ట కొట్టించుకుని పోయేది, కానీ ఉత్తరాలు తక్కువ రాసేది. వాళ్ల మాటలన్నీ క్యాసెట్లలో నడిచేవి. అతను మాట్లాడి నింపి పంపేవాడు, ఈమె విని, దాని మీదే తన మాటలు నింపి తిప్పి పంపేది. "ఆయన ముచ్చట చెరిపి నా ముచ్చట నింపుతున్న అక్కా, ఎవలు విన్నా నాదే ఉంటది" అని నవ్వేది. ఒకసారి మా కంప్యూటర్ చూసి, ఇది పాడుతుందా అని అడిగింది. పాడదు, తప్పులు పడుతుందన్నాను. "అయితె నాకెందుకు, మా అత్త ఉన్నది గదా" అని గబుక్కున అని, పెద్దబాపు విన్నాడేమోనని చూసి నాలుక కరుచుకుంది. పెద్దబాపు విన్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వు దాచుకున్నాడు.

ఆ ఎండాకాలం ఆమెకు పసిరికలు, అంటే కామెర్లు, వచ్చాయి. ముందు చెట్టుమందు తాగించారు, తర్వాత కరీంనగర్ తీసుకుపోయారు, అక్కడి డాక్టర్లు చేయగలిగింది చేశారు. వారం తిరగకుండానే ఆమెను తిరిగి తెచ్చారు. అల్లుడు లేడు, ఎండలు మండుతున్నాయి, ఆపడానికి లేదు. అల్లుడికి బదులు వరసకు మరిది అయ్యే ఒకతన్ని నిలబెట్టి దహనం కానిచ్చారు. ఇక మిగిలింది పదకొండోనాటి దినాలు. దానికైనా అల్లుడు రావాలి, తన చేతులతో ఆ నీళ్లు వదలాలి, తల్లి కోసం ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన పిల్లను ఎత్తుకోవాలి. అదొక్కటే కాక కోరిక. కానీ అల్లుడి పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంటుంది. మేనేజరు సరే అంటే తప్ప అతను అక్కడినుంచి కదలలేడు. కనుక మేనేజరుకు ఉత్తరం వెళ్లాలి, అదీ వెంటనే, ఫ్యాక్స్‌లో.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. దూరాన ఉన్నవాడికి చావు కబురు నేరుగా చెప్పరు. పిలవడానికి పోయినవాడు గుమ్మంలో నిలబడి, జర తబియత్ బాగలేదు, ఒకసారి చూసిపోదువు రా అంటాడు. విన్నవాడికి అర్థమవుతుంది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. చెప్పులేసుకుని, ఇంటికి తాళం వేసి, బస్సెక్కుతారు. పిలవడానికి వచ్చినవాడు పక్కనే కూర్చుంటాడు, నీళ్లు తాగిస్తాడు, ఊరి పొలిమేరలో భుజం మీద చేయి వేస్తాడు. చావు చెప్పడానికి మా దగ్గర అంత దారి పడుతుంది. అది అబద్ధమని మాలో ఎవరూ అనుకోలేదు. మా బాపు పోయినప్పుడు నన్ను కూడా అట్లాగే పిలుచుకొచ్చారు, నేను కూడా ఏమీ అడగలేదు.

కాక వచ్చి మా బెంచీ మీద కూర్చున్నాడు. నూలు పోగులు ఇంకా జుట్టులో ఉన్నాయి. అంతమంది ఇంట్లో ఉంటే తట్టుకోలేక షెడ్డుకు పోయి వచ్చాడట. పెద్దబాపు ఆయన పక్కన కూర్చుని, నెమ్మదిగా అడిగాడు. "తమ్మీ, బిడ్డ పోయిందనే రాద్దామా? ఉన్నదున్నట్టు రాస్తె జల్ది తోలుతరేమో."

కాక తల అడ్డంగా ఊపాడు. "వద్దు సారూ. మేనేజర్ మా అల్లునికి సదివి చెప్తడు. ఆడ ఒక్కడే ఉంటడు, పట్టుకునేటోళ్లు ఎవలున్నరు? పానం మీదికి తెచ్చుకుంటె నేనేం చెయ్యాలె? బాగలేదని రాయుండ్రి. వచ్చినంక మేం చెప్పుకుంటం."

పెద్దబాపుకు కూడా అదే న్యాయంగా తోచింది. లేచి వచ్చి, నా పక్కన నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు, నేను కొట్టాను. ఆ మొదటి ఉత్తరం నాకు బాగా గుర్తుంది. అంత మెలికలు తిరిగిన ఇంగ్లీషు ఆయన అంతకుముందు రాయలేదు. చావు అనే మాట రాయకుండా చావు చెప్పాలని ఆయన ప్రయత్నం. ఇతని భార్య ఎటువంటి స్థితిలో ఉన్నదంటే, ఆలస్యమైతే అతను వచ్చినా ఆమె అతన్ని చూడగలిగే స్థితిలో ఉండదని, ఈ సంగతి ఇంతకుమించి చెప్పడానికి రాసేవారికి చేతులు రావడం లేదని, తమరు కూడా ఇల్లూ పిల్లలూ ఉన్నవారు గనుక అర్థం చేసుకోగలరని, ఒకే వాక్యం, తెర మీద ఎన్నో వరసలు పట్టింది. చదివితే ఎవరికైనా గుండెలో కలుక్కుమనేది. మస్కట్‌లో కూర్చున్న మేనేజరు ఏ దేశంవాడైనా సరే, ఏదో జరిగిందని పసిగట్టేవాడు.

తర్వాత ఎప్పటిలాగే తప్పుల ఫ్లాపీ పెట్టమన్నాడు. ఇంత అవసరమైన ఉత్తరంలో తప్పు పోతే ఎట్లా అని ఆయన భయం. మిషను గరగరలాడింది. ఆ వాక్యాన్ని తెచ్చి నిలబెట్టింది. పొడవెక్కువ. విడగొట్టండి. ఈ మాట అనవసరం. ఈ మాట అరిగిపోయింది. ఎవరు ఏం చేస్తున్నారో సూటిగా చెప్పండి. పెద్దబాపు విడగొట్టించాడు. అనవసరమన్నది తీయించాడు. మళ్లీ నడిపాం. ఇంకొంత పోయింది. కాక బెంచీ మీద కూర్చుని మమ్మల్నే చూస్తున్నాడు, డాక్టరు చేతులను చూస్తున్నట్టు. చివరికి మిగిలినవి పొట్టి వాక్యాలు. అతని భార్యకు జబ్బుగా ఉంది. ఆమె భర్తను చూడాలని కోరుతోంది. దయచేసి అతనికి సెలవు ఇవ్వండి. తప్పులేమీ లేవని తెర మీద వచ్చింది. ఐదో తరగతి పిల్లవాడికి కూడా అర్థమవుతుందని వచ్చింది. ఆ రోజు పెద్దబాపు చాయ్ అడగలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తనే కరీంనగర్ బస్సెక్కి, ఎస్టీడీ బూతులో ఫ్యాక్స్ చేయించి వచ్చాడు.

జవాబు రెండో రోజుకే వచ్చింది. బూతు అతను దాన్ని కవరులో పెట్టి మెట్‌పల్లి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాడు. చాలా మర్యాదైన జవాబు. ఉద్యోగి భార్య తొందరగా కోలుకోవాలని కంపెనీ కోరుకుంటోంది, అతని స్థానంలో పనిచేసేవాడు రాగానే వరస ప్రకారం సెలవు పరిశీలిస్తుంది. పెద్దబాపు దాన్ని తెలుగులో కాకకు చెప్పాల్సి వచ్చింది. కోలుకోవాలని అన్న చోట ఆయన ఆగిపోయాడు. ఆ ముక్క వదిలేసి తక్కినది చెప్పాడు.

దినాలు అల్లుడు లేకుండానే అయ్యాయి. పెద్దబాపు మళ్లీ ఉత్తరం రాస్తానన్నాడు, ఈసారి పోయిందనే రాస్తానన్నాడు. వీధి పెద్దలు ఒప్పుకోలేదు. "మొదలు బిమారన్నరు, నాల్గొద్దులకు సచ్చిపోయిందంటె, సెలవు కోసం నాటకమాడుతున్నరంటరు సారూ, పిల్లగాని నౌకరే పోతది" అన్నారు. అదీ నిజమే. అప్పటికే లేని చావులు రాసి సెలవు మీద వచ్చినవాళ్ల కథలు అటూ ఇటూ చాలా తిరుగుతుండేవి. ఇక మొదటి మాటను మోయడం తప్ప దారి లేకపోయింది. అతని క్యాసెట్లు వస్తూనే ఉన్నాయి. ఆమె గొంతు వినిపించమని అడిగేవాడట. జబ్బుకు గొంతు పడిపోయిందని కార్డు రాయించారు. పిల్ల చేత మాట్లాడించి పంపారు. ఒకసారి మా గుమ్మం ముందునుంచి పోతుంటే కాక చేతిలో క్యాసెట్ చూసి, విన్నావా కాకా అని అడిగాను. "ఎట్ల ఇనాలె బిడ్డా, పెండ్లాంతోని మాట్లాడుతుండు గదా, నాతోని కాదు" అన్నాడు. వచ్చినవి వచ్చినట్టే, వినకుండా, బిడ్డ చీరల మధ్య దాచిపెట్టాడని పెద్దమ్మ చెప్పింది.

వానాకాలంలో, బతుకమ్మకు కొంచెం ముందు, అతనికి వరస సెలవు దొరికింది. వస్తున్నాడని తెలిసిన రోజు కాక పెద్దబాపు దగ్గరికి వచ్చాడు. "మీరు రాండ్రి సారూ, నాతోటి కాదు" అన్నాడు. ఇద్దరూ కలిసి బస్టాండుకు పోయారు. నేను పోలేదు. పెద్దబాపు తిరిగొచ్చి పెద్దమ్మకు చెబుతుంటే విన్నాను. అతను బస్సు దిగాడట. భుజాన ఒక మస్కట్ రగ్గు, చేతిలో కొత్త టేప్ రికార్డరు. వీళ్ల ముఖాలు చూశాడు. తర్వాత వీళ్ల వెనక ఇంకెవరైనా నిలబడ్డారేమోనని చూశాడు. పెద్దబాపు నోరు తెరిచేలోపే ఆ టేప్ రికార్డరును జాగ్రత్తగా కింద పెట్టి, దాని పక్కనే మట్టిలో కూర్చుండిపోయాడట. "నేనేం చెప్పలే. గా పిల్లగాడే మా మొకాలల్ల సదువుకున్నడు" అన్నాడు పెద్దబాపు.

కొన్ని రోజులకు అతను మా ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాడు. నేను అతన్ని సరిగా చూడటం అదే మొదటిసారి. సన్నగా, ఎండకు బాగా నల్లబడి ఉన్నాడు. పోట్లాడటానికి వచ్చాడనుకుని పెద్దబాపు లేచి నిలబడ్డాడు. అతను బెంచీ మీద కూర్చోలేదు. చొక్కా జేబులోంచి మా ఫ్యాక్స్ కాగితం తీశాడు. మేనేజరు అతనికే ఇచ్చేశాడట, ఉంచుకోమని. మా పొట్టి వాక్యాలు వరసగా, శుభ్రంగా ఉన్నాయి.

"తప్పయింది కొడుకా" అన్నాడు పెద్దబాపు. పెద్దవాడు, ఊరంతా సారూ అనే మనిషి, ఆ మాట అనడం నేను అంతకుముందు వినలేదు.

అతను కాగితం వైపే చూస్తూ చెప్పాడు. "మేనేజర్ నన్ను పిలిచి సదివి ఇనిపిచ్చిండు సారూ. మీ ఊర్ల ఎవరో మంచిగ సదువుకున్నోళ్లు ఉన్నరు, అసలు తప్పే లేదన్నడు. నాక్కూడ మంచిగనిపిచ్చింది. గింత నిమ్మలంగ రాసిన్రంటె ఏం ఫికర్ లేదనుకున్న. బిమారైతె తగ్గుతది గదా అనుకున్న." కాగితాన్ని పాత మడతల మీదే మడిచాడు. "గా దినం నేను కడుపు నిండ తిన్న సారూ. మా వోళ్లు ఈడ ఏడుస్తుంటె, నేను ఆడ కడుపు నిండ తిని పండుకున్న."

అతను ఆ కాగితాన్ని మడతలు చెదరకుండా మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. పెద్దమ్మ చాయ్ తెచ్చింది. తాగాడు. గ్లాసు తనే తీసుకుపోయి పెరట్లో కడిగి బోర్లించి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కూడా పెద్దబాపు కంప్యూటర్ వాడటం మానలేదు. ఉద్యోగాల దరఖాస్తులకు, బయోడేటాలకు తప్పుల మిషను ఎప్పటిలాగే గరగరలాడింది. జబ్బు, చావు ఉన్న ఉత్తరాలను మాత్రం ఆయన మిషనుకు చూపించలేదు. చేత్తో రాసి, నన్ను ఉన్నది ఉన్నట్టు కొట్టమనేవాడు. రాసేముందు వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, "చావైతె చావని రాస్త. కాదంటె ఇంకొకరి తానికి పోండ్రి" అని ఖరాఖండిగా చెప్పేవాడు. కొందరు పోయేవారు. ఉన్నవాళ్ల కోసం ఆయన రాసిన వాక్యాలు మళ్లీ పొడవయ్యాయి, తప్పులు కూడా దొర్లేవి. అవి నాకు కనపడేవి, నేను దిద్దేదాన్ని కాదు, ఆయనా దిద్దమని అడిగేవాడు కాదు. రెండేళ్లు తిరక్కుండా నాకు ఆదిలాబాద్‌లో కాలేజీ ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాను.

వెళ్లేలోపు కాక అల్లుణ్ణి ఇంకొకసారి చూశాను. ఆ ఏడే, అతని సెలవు అయిపోతున్న రోజులు. బతుకమ్మ ఆడి ఆడవాళ్లు ఇళ్లకు పోతున్నారు, షెడ్డులో మగ్గాలు నడుస్తున్నాయి. అతని పిల్ల తోటి పిల్లలతో కలిసి వీధిలో ఉరుకుతోంది. ఆ పిల్ల ఏడుపు ఎండాకాలంలోనే అయిపోయింది. కాక కళ్లు కూడా ఆరిపోయి చాలా రోజులైంది. వీధిలో ఆమెను ఎరిగినవాళ్లంతా ఏడ్వాల్సింది ఏడ్చి, తలా ఒక పనిలో పడ్డారు. అతనొక్కడే వాకిట్లో కొత్త టేప్ రికార్డరు ముందు కూర్చుని ఉన్నాడు. దారిన పోయేవాళ్లు పలకరించి, ఒక నిమిషం నిలబడి, పని ఉందని వెళ్లిపోతున్నారు. వాళ్ల తప్పు లేదు. ఆమె మా అందరికీ ఎండాకాలంలో పోయింది, అతనికి మాత్రం బస్సు దిగిన రోజున పోయింది, అతనితో కలిసి ఏడ్వడానికి అప్పటికి ఎవరి దగ్గరా ఏడుపు మిగల్లేదు.